నవ్యగణితం : బోధనాపద్ధతిపై ఒక విమర్శ

52 నుండి 27 తీసివేయమంటే బడిపిల్లవాడు "రెండులో ఏడు పోదు" అని మొదలుపెడతాడు. పక్కనున్న ఐదు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకుంటాడు. పన్నెండులో ఏడు పోగా ఐదు, ఐదు కాస్తా నాలుగైంది కాబట్టి నాలుగులో రెండు పోగా రెండు, జవాబు 25. ఈ కొద్దిపాటి లెక్కలో అడగదగిన ప్రశ్నలు రెండున్నవి. తెచ్చింది ఒకటైతే అది పది ఎట్లా అయింది? తెచ్చిన అప్పు ఎప్పుడు తీర్చాలి? చాలా తరగతులలో ఈ ప్రశ్నలు పుట్టనే పుట్టవు. ఎవడైనా చురుకైనవాడు అడిగినా, లెక్క అట్లాగే చేయాలి అన్న సమాధానంతో అవి అక్కడే అణగిపోతవి.

గణితబోధన గురించి గత నూరేళ్ళలో అనేక దేశాలలో జరిగిన వాదాలు ఎంత పెద్ద మాటలతో నడిచినా ఈ చిన్న ప్రశ్నల చుట్టూ తిరిగినవే. లెక్క చేసే విధానం ముందు చేతికి పట్టుబడాలా? దాని అర్థం ముందు మనసుకెక్కాలా? వాదించినవారు ఇంతవరకే చూశారు. ఏది మేలని తేలినా దానిని ఒకే పద్ధతిగా అచ్చువేసి దేశంలోని బడులన్నిటికీ పంపవచ్చునా, పంపితే అది గమ్యం చేరేసరికి అదే పద్ధతిగా మిగులుతుందా అన్న ప్రశ్నను మాత్రం ఆలస్యంగా అడిగారు. అప్పటికి కొన్ని తరాల పిల్లలు ఆ బడులలో చదివి వెళ్ళిపోయారు.

తీసివేతకు రెండు పద్ధతులు ఉన్నవి. పైన చెప్పినది విడదీసే పద్ధతి: ఐదు పదులలో ఒక పదిని విడదీసి పది ఒకట్లుగా మార్చుకోవడం. రెండవది సమానంగా కలిపే పద్ధతి. ఇందులో పై సంఖ్యలోని రెండుకు పది కలిపి పన్నెండు చేస్తారు. అందుకు బదులుగా కింది సంఖ్యలోని రెండు పదులకు ఒక పది కలిపి మూడు చేస్తారు. రెండు సంఖ్యలకూ పదేసి కలిపినప్పుడు వాటి తేడా మారదు కనుక జవాబు చెడదు. ఇంగ్లండు బడులలో దీనిని "అప్పుతెచ్చి తీర్చడం" అనేవారు. అప్పు అన్న మాటకు నిజానికి ఇక్కడే చోటున్నది. పైన తెచ్చినది కింద తీరిపోతున్నది. విడదీసే పద్ధతిలో అప్పూ లేదు, తీర్చడమూ లేదు. పది రూపాయల నోటును పది రూపాయి నాణేలుగా మార్చుకోవడాన్ని ఎవరూ అప్పు అనరు, చిల్లర మార్చడం అంటారు. అయినా ఒక పద్ధతికి చెందిన మాట రెండవదానికి అంటుకొని, ఇంగ్లీషులోను తెలుగులోను కూడ నిలిచిపోయింది.

ఈ రెండింటిలో ఏది మేలైనదో తేల్చడానికి అమెరికాలో విలియం బ్రౌనెల్, హెరాల్డ్ మోజర్ అనే విద్యాపరిశోధకులు మూడవ తరగతి పిల్లలపై పెద్ద పరీక్ష జరిపి 1949లో ఫలితాలు ప్రకటించారు. వెయ్యిమందికి పైగా పిల్లలను నాలుగు విధాలుగా విభజించారు. ఒక్కొక్క పద్ధతిని కొందరికి కారణాలతో, కొందరికి కేవలం యాంత్రికంగా నేర్పించారు. కారణాలతో నేర్పినప్పుడు విడదీసే పద్ధతి మెరుగైంది; ముఖ్యంగా అంతకుముందు చూడని లెక్కలు ఇచ్చినప్పుడు ఆ పిల్లలే ముందున్నారు. యాంత్రికంగా నేర్పినప్పుడు మాత్రం సమానంగా కలిపే పద్ధతే నయమనిపించింది. అంటే, ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు ఎట్లా నేర్పుతారు అన్నది తెలియకుండా జవాబే లేదు. ఇది చాలా విలువైన ఫలితం. కాని తరవాత కాలంలో అమెరికా బడులన్నీ విడదీసే పద్ధతికి మారినప్పుడు చాలాచోట్ల పద్ధతి ఒక్కటే మారింది. కారణాలు చెప్పడమన్న రెండవ సగం పుస్తకాలలో ఉండిపోయింది.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ మొదటి స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపింది. అమెరికాలో అప్పటికే గణితపాఠ్యాలను సంస్కరించాలన్న యత్నాలు కొన్ని సాగుతున్నవి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మాక్స్ బెబర్మన్ 1951 నుండే హైస్కూలు పాఠాలు కొత్తగా రాస్తున్నాడు. స్పుత్నిక్ కలిగించిన భయం ఆ యత్నాలకు డబ్బునూ తొందరనూ రెండింటినీ ఇచ్చింది. 1958లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ధనసహాయంతో ఎడ్వర్డ్ బెగిల్ నాయకత్వాన పాఠశాల గణిత అధ్యయనబృందం ఏర్పడింది. విశ్వవిద్యాలయ ఆచార్యులు, హైస్కూలు ఉపాధ్యాయులు వేసవి సెలవులలో కలిసి కూర్చుని పుస్తకాలు రాసేవారు. వాటిని చూసి ప్రైవేటు ప్రకాశకులు తమ పుస్తకాలను మార్చుకున్నారు. పదేళ్ళు తిరగకముందే సమితులు, ప్రమేయాలు, సంఖ్యాధారాలు, వినిమయ న్యాయం, విభాగ న్యాయం అన్న మాటలు చిన్న తరగతులదాకా దిగివచ్చాయి. దీనికే నవ్యగణితమని పేరు.

ఈ ఉద్యమాన్ని వెక్కిరించడం ఇప్పుడు తేలిక. దాని మూలాశయం వెక్కిరించదగినది కాదు. పిల్లవాడు 7 × 8 ఎంతో చెప్పడమే గాక 7 × 8 కీ 8 × 7 కీ జవాబు ఎందుకు ఒకటే అవుతుందో చెప్పగలగాలి అని వారన్నారు. దశాంశపద్ధతి ఆకాశం నుండి ఊడిపడినది కాదు, పదిని గుత్తిగా కట్టుకోవాలన్న మానవుల ఏర్పాటు మాత్రమేనని తెలియాలన్నారు. ఇందుకోసమే పదికి బదులు ఎనిమిదిని ఆధారంగా తీసుకుని లెక్కలు చేయించారు. ఎనిమిది ఆధారంలో 52 అంటే ఐదు ఎనిమిదులు, రెండు ఒకట్లు. మన లెక్కలో 42. అందులో నుండి 27, అనగా మన 23 తీసివేయాలి. రెండులో ఏడు పోదు; ఒక ఎనిమిదిని విడదీస్తే ఎనిమిదీ రెండూ పది; పదిలో ఏడు పోగా మూడు; నాలుగులో రెండు పోగా రెండు. జవాబు 23, అనగా మన 19. విడదీసేది పదే కానక్కరలేదని తెలిసినవాడికి పదిని ఎందుకు విడదీస్తున్నామో మరి మరిచిపోవడం కష్టమని వారి ఊహ.

ఊహ మంచిదే. కాని స్పుత్నిక్ ఎగిరిన ఆ 1957 సంవత్సరంలోనే, ఏప్రిల్ 1న, భారతదేశంలో నయాపైసలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైసలు. రూ. 3-4-2 నుండి రూ. 1-9-8 తీసివేయవలసిన పిల్లవాడు రెండు పైసలలో ఎనిమిది పోదు కనుక ఒక అణా మార్చి పన్నెండు కలుపుకునేవాడు, మూడణాలలో తొమ్మిది పోదు కనుక ఒక రూపాయి మార్చి పదహారు కలుపుకునేవాడు, రూ. 1-10-6 అని చెప్పేవాడు. ఒకే లెక్కలో రెండు ఆధారాలు! దానికి అంత పెద్ద పేరున్నదని వాడికిగాని, నేర్పిన పంతులుగారికిగాని తెలియదు. మార్చుకునేది ఎక్కడ పన్నెండో, ఎక్కడ పదహారో దుకాణంలో చేతిలో ఉన్న నాణేలే చెప్పేవి. అమెరికా పిల్లవాడికి ఎనిమిదితో పని పుస్తకంలో తప్ప మరెక్కడా లేదు. ఆలోచనకు సాయంగా తెచ్చిన ఎనిమిది ఆధారం పరీక్షలో వచ్చే మరొక రకం లెక్కగా మారిపోయింది. దశాంశనాణేలు రావడం మంచిదనడంలో సందేహం లేదు, అణాపైసల గుణకారాలు చేసి అలిసినవారెవరూ వాటి కోసం విచారించరు. కాని అర్థం ఎక్కడినుండి వస్తుందన్న ప్రశ్నకు ఆ పాత లెక్క ఒక జవాబు చూపిస్తున్నది.

సంస్కర్తలు పొరబడిన చోటు ఇదే. గణితశాస్త్రం పూర్తిగా తయారైన తరవాత దానిని ఏ క్రమంలో పేర్చితే తర్కానికి నిలుస్తుందో, అదే క్రమంలో పిల్లవాడు నేర్చుకుంటాడనుకున్నారు. సంఖ్య కంటె సమితి ముందు; కాబట్టి సమితే ముందు చెప్పాలి. ఇంటి పునాది కట్టడంలో ముందు వస్తుంది, నిజమే. కాని ఆ ఇంట్లో పుట్టిన శిశువు ముందు తెలుసుకునేది వంటిల్లు, వాకిలి. పునాది సంగతి పెద్దయ్యాక తెలుస్తుంది. చరిత్రలోనూ అంతే. మనుషులు వేల సంవత్సరాలు లెక్కపెట్టిన తరవాత, పందొమ్మిదో శతాబ్దం చివరలో గాని కాంటర్ సమితివాదం పుట్టలేదు.

ఈ ఆక్షేపణ బయటివారిది కాదు. 1962 మార్చిలో అరవైమందికి పైగా గణితశాస్త్రజ్ఞులు సంతకాలు చేసిన ఒక ప్రకటన అమెరికాలోని రెండు గణితపత్రికలలో వెలువడింది. సంతకాలు చేసినవారిలో జార్జ్ పోల్యా, రిచర్డ్ కూరంట్, ఆంద్రే వెయ్ వంటివారు ఉన్నారు. వెయ్ సంతకం ప్రత్యేకంగా గమనింపదగినది. సమితుల పునాది మీద గణితాన్నంతా తిరిగి కట్టిన ఫ్రెంచి బూర్బకీ బృందానికి అతడు స్థాపకులలో ఒకడు. హైస్కూలు చదువు కాబోయే గణితజ్ఞుల కోసమే కాదని, మూర్తమైన విషయాలు ముందు చూపకుండా అమూర్తమైనవి చెబితే ఫలితం ఉండదని ఆ ప్రకటన సారాంశం. 1964లో కాలిఫోర్నియా రాష్ట్ర పాఠ్యగ్రంథసంఘంలో ఉన్న భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ మరొక వైపు నుండి చూశాడు. అతనికి కనిపించిన ఒక పుస్తకంలో నక్షత్రాల రంగులు, ఉష్ణోగ్రతలు పట్టికగా ఇచ్చి, ఆకాశంలో పిల్లవాడికి కనిపించిన నక్షత్రాల ఉష్ణోగ్రతలన్నీ కూడితే ఎంత అని అడిగారు. ఉష్ణోగ్రతలను కూడవలసిన అవసరం ప్రకృతిలో ఎక్కడా రాదు. గణితాన్ని విజ్ఞానంతో కలుపుతున్నామన్న పేరుతో అర్థంలేని కూడికను అర్థవంతమైన వేషంలో పెట్టారు. ఇది సమితుల తప్పు కాదు. పుస్తకం రాసినవాడికే ఆ కూడిక దేనికో తెలియదు.

ఐరోపాలో ఈ కథ మరింత నిష్ఠగా నడిచింది. 1959లో ఫ్రాన్సులోని రోయమోఁలో జరిగిన సభలో జ్యాఁ ద్యూదొనె యూక్లిడ్‌ను బడులనుండి దింపివేయాలని పిలుపునిచ్చాడు. 1967లో ఆంద్రే లిష్నెరొవిచ్ అధ్యక్షతన సంఘం ఏర్పడింది. 1969 నుండి కొత్త పాఠ్యక్రమం అమలైంది. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలకు సరళరేఖను గీసి చూపడానికి బదులు, వాస్తవసంఖ్యలతో ఒకటికొకటి జతకూర్చే కొన్ని ప్రమేయాలతో కూడిన సమితి అని నిర్వచించారు. గణితంలో అత్యున్నత పురస్కారమైన ఫీల్డ్స్ పతకం పొందిన రెనె తోమ్ వంటివాడే దీనిని బాహాటంగా ఖండించాడు. సోవియట్ యూనియన్‌లో ఆ పని తలకెత్తుకున్నవాడు కోల్మొగొరోవ్. ఆ శతాబ్దపు మహాగణితజ్ఞులలో ఒకడు. రెండు సమితులు ఒకటే అయితే తప్ప సమానమనకూడదు గనుక, వేరువేరు చోట్ల ఉన్న త్రిభుజాలను సమానమనే పాత వాడుక తప్పని, కొత్త మాట తెచ్చాడు. దానిమీద తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు విసిగిపోయారు. 1978 చివరలో విజ్ఞాన అకాడమీ గణితవిభాగం ఆ పుస్తకాలను నిరాకరించింది. పొంత్ర్యాగిన్ 1980లో వాటిపై తీవ్రంగా రాశాడు. తెలుగు పిల్లలు సర్వసమాన త్రిభుజాలు అన్న మాటతో ఎన్నో ఏళ్ళుగా ఏ ఇబ్బందీ లేకుండా వేగుతున్నారు. అంటే కోల్మొగొరోవ్ కోరిన భేదం పిల్లలకు అందరానిదేమీ కాదు. దేశమంతటా ఒక్కసారిగా, ఉపాధ్యాయులు దాని అవసరం గుర్తించకముందే, పాత మాటను తప్పుగా చేయడం వలన అది భరించరానిదయింది.

నవ్యగణితంపై వచ్చిన విమర్శలలో ప్రసిద్ధమైనది మారిస్ క్లైన్ 1973లో ప్రకటించిన గ్రంథం. కొత్త పాఠాలు చదివిన పిల్లవాడికి కూడిక ఎందుకు రాదన్నదే దాని శీర్షిక. తర్కశుద్ధిమీద మోజును, పరిభాషాడంబరాన్ని, ప్రకృతిశాస్త్రాలతో తెగిన సంబంధాన్ని అతడు ఎండగట్టిన తీరు ఇప్పటికీ చదవదగినది. కాని అతని విమర్శలో ఒక పెద్ద లోపమున్నది. పుస్తకాలలో ఉన్నదంతా తరగతులలో జరిగిందని నమ్మి అతడు వాదించాడు. 1975లో గణితవిద్యపై అమెరికా జాతీయ సలహాసంఘం ఇచ్చిన నివేదిక చూస్తే, ముఖ్యంగా ప్రాథమిక తరగతులలో కొత్త విషయాలు నిజంగా బోధించిన ఉపాధ్యాయులు తక్కువమందే. చాలామంది కొత్త పుస్తకంలోని పాత లెక్కలు ఏరుకుని ఎప్పటివలెనే చెప్పారు. సమితుల అధ్యాయం వచ్చినప్పుడు దానిలోని నిర్వచనాలు వల్లెవేయించారు. అప్పటికి ప్రజలలో వ్యతిరేకత ప్రబలి, మౌలికాంశాలకు మరలండి అన్న నినాదం మొదలైంది. పూర్తిగా అమలుకాని పద్ధతి ఓడిపోయిందని తీర్మానించి, ఆ పేరుతో పిల్లలకు కూడికల కాగితాలు పంచారు. క్లైన్ సూచించిన మార్గం, అనగా భౌతికప్రపంచంలోని సమస్యల నుండి గణితానికి నడవడం, మేలైనదే. అయితే దానినీ పుస్తకంగా అచ్చువేసి పై నుండి పంపితే నక్షత్రాల ఉష్ణోగ్రతలు కూడే లెక్కలే వస్తాయని ఫైన్‌మన్ అనుభవం చెబుతున్నది.

ఈ విషయంలో బెగిల్‌ను మెచ్చుకోక తప్పదు. తన ఉద్యమాన్ని తానే కొలిపించాడు. 1962 నుండి ఐదేళ్ళపాటు లక్షకు పైగా విద్యార్థులను పరీక్షించిన అధ్యయనంలో తేలినది, పిల్లలు తమ పుస్తకం దేనికి ప్రాధాన్యమిస్తే అది నేర్చుకున్నారని: కొత్త పుస్తకాలవారు అవగాహనలో, పాత పుస్తకాలవారు గణనలో మెరుగు. ఉపాధ్యాయుడు విశ్వవిద్యాలయంలో ఎక్కువ గణితం చదివితే పిల్లలకు ఎక్కువ వస్తుందా అని కూడ చూశాడు. అట్టి సంబంధం దాదాపు కనిపించలేదు. ఉద్యమం నడిపినవారందరూ ఉపాధ్యాయులకు మరింత ఉన్నత గణితం నేర్పితే సరిపోతుందని నమ్మిన రోజులలో ఇది మింగుడుపడని ఫలితం.

దీనికి అర్థం ఇరవై ఏళ్ళ తరవాత తెలిసింది. లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికా ఉపాధ్యాయులు 23 మందిని, చైనా ఉపాధ్యాయులు 72 మందిని ప్రాథమిక గణితంలోనే నాలుగు విషయాలు అడిగి 1999లో గ్రంథం ప్రకటించింది. అందులో ఒకటి: 1¾ ని ½ తో భాగించి, ఆ లెక్కకు సరిపోయే కథ ఒకటి కల్పించండి. అమెరికా ఉపాధ్యాయులందరూ డిగ్రీ చదివినవారే. వారిలో జవాబు సరిగా చేసినవారు 9 మంది. అర్థం సరిపోయే కథ చెప్పగలిగినది ఒక్కరు. చైనా ఉపాధ్యాయులలో చాలామంది చదువు మనవారి ఇంటరుకు మించదు. 72 మందీ జవాబు చెప్పారు. 65 మంది కథ చెప్పారు. తెలుగులో అయితే కథ కష్టం కాదు: ఒకటి ముప్పావు లీటర్ల పాలను అరలీటరు సీసాలలో పోస్తే ఎన్ని సీసాలవుతవి? మూడున్నర. కాని అనేకులు చెప్పినది ఇద్దరికి సమంగా పంచే కథ. అది సగంతో భాగించడం కాదు, రెండుతో భాగించడం. చెరిసగం చేయడం అన్న వాడుక ఉన్న మనకూ ఈ గుంట పక్కనే ఉన్నది.

తీసివేత గురించి అడిగినప్పుడు చైనా ఉపాధ్యాయులు అప్పు అనలేదు. పై స్థానంలోని ఒక ప్రమాణాన్ని విడదీయడం అన్నారు. విడదీయడమనేది కూడికలో గుత్తికట్టడానికి తిరుగుబాట అని కలిపి చెప్పారు. వారి చేతిలో ఉన్నదీ దేశమంతటికీ ఒకటే అయిన పుస్తకమే. అయితే ఆ పుస్తకాన్ని వారు ఒకరితో ఒకరు కూర్చుని పాఠం తరవాత పాఠం విప్పి చదువుకుంటారు. అందుకు పాఠశాలలో వేళ కేటాయించబడి ఉంటుంది. ఏకరూపపద్ధతి అన్నచోటల్లా చెడుతుందని అనడానికి వీలులేకుండా చేసిన ఉదాహరణ ఇది. చెడేది పద్ధతికీ పిల్లవాడికీ నడుమ ఆ వేళ లేనిచోట.

నవ్యగణితం గాలి తెలుగునేలకూ వచ్చింది. 1963 నుండి అమెరికా సహాయంతో ఉపాధ్యాయులకు వేసవి శిక్షణాలయాలు జరిగినవి. 1964-66 నాటి కొఠారీ కమిషన్ గణిత, విజ్ఞానపాఠ్యాలను ఆధునీకరించమన్నది. కొన్నాళ్ళకు సమితులు బడులకెక్కాయి. 2014లో కొత్త పుస్తకం వచ్చేవరకు అనేక ఏళ్ళపాటు ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి గణితం మొదటి అధ్యాయం పేరు "ప్రవచనాలు - సమితులు". సంయోగం, వియోగం, సత్యపట్టికలు, డిమోర్గాన్ న్యాయాలు అందులో ఉండేవి. సత్యపట్టికలు నింపడం తేలిక, మార్కులు ఖాయం. అందుచేత లెక్కలంటే జంకేవారికి ఆ అధ్యాయం పరీక్ష గట్టెక్కే సాధనమయింది. డిమోర్గాన్ న్యాయాన్ని నిరూపించమన్న ప్రశ్నకు సంజ్ఞలతో ఆరేడు పంక్తులు తప్పులేకుండా కంఠతా రాసినవారు లక్షలమంది ఉంటారు. గోదావరిలోగాని కృష్ణలోగాని ఈదనివారు రెండింటిలోనూ ఈదనివారే అని చెబితే, అది తాము రాసిన న్యాయమేనని వారిలో ఎందరు గుర్తుపట్టి ఉంటారు? తార్కికాలోచన నేర్పడానికి వచ్చిన అధ్యాయం బట్టీకి అన్నిటికంటె అనువైన అధ్యాయంగా పరిణమించడం ప్రశ్నపత్రం చేసిన పని. ఎక్కాలను వల్లెవేయించిన వీధిబడి కనీసం సంతలో పనికివచ్చేదాన్ని వల్లెవేయించింది.

అట్లాగని సంతలోనే చదువున్నదనే వాదన కూడ నిలవదు. కలకత్తా, ఢిల్లీ అంగళ్ళలో పనిచేసే పిల్లలపై అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మొదలైనవారు జరిపిన పరిశోధన 2025లో వెలువడింది. కూరగాయల బేరంలో ఇంత బరువుకు ఇంత, ఇచ్చిన నోటుకు ఇంత చిల్లర అని నోటిమీద తడుముకోకుండా చెప్పే ఆ పిల్లలు, అంతకంటె తేలికైన భాగహారాన్ని కాగితంమీద చేయలేకపోయారు. బడికి మాత్రమే వెళ్ళే పిల్లలకు కాగితంమీది లెక్క కొంత నయం. బేరంలో అదే లెక్క ఎదురైతే తేలిపోయారు. గ్రామీణ భారతంలో ఐదవ తరగతి పిల్లలలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 2022లో నాలుగోవంతు మాత్రమేనని అసర్ సర్వే తేల్చింది. ఏ పద్ధతి మేలన్న చర్చ సాగినంతకాలమూ మిగిలిన మూడువంతులు పై తరగతులకు పోతూనే ఉన్నారు. అక్కడ బీజగణితం వారికోసం ఆగదు. ఆ తరవాత చాలామంది లెక్కలు తమకు రానివని నిశ్చయించుకుంటారు.

ఇటీవలి ప్రాథమికపుస్తకాలలో పుల్లల కట్టలు బొమ్మలుగా వేస్తున్నారు. పది పుల్లల కట్టను విప్పితే పది విడిపుల్లలు. ఇది బ్రౌనెల్ చెప్పినదే, చైనా ఉపాధ్యాయులు విడదీయడమన్నదే. కాని బొమ్మ పక్కన నిలబడి ఉపాధ్యాయుడు పలికే మాట ఇంకా "అప్పు". కట్ట విప్పిన పిల్లవాడు ఎవరి దగ్గరా అప్పు చేయలేదు. ఉపాధ్యాయ శిక్షణాలయంలో ఎవరైనా ఆ రెండు మాటలను పక్కపక్కన పెట్టి, ఏది ఏ పద్ధతికి చెందినదో గంటసేపు చర్చించినట్లయితే, 2000 నుండి 1 తీసివేయమన్నప్పుడు మూడు సున్నలు దాటి ఎక్కడికి అప్పుకు పోవాలో తోచక పిల్లవాడు ఎందుకు ఆగిపోతాడో అదే గంటలో తెలిసివస్తుంది. వాడికి అక్కడ కావలసినది వెయ్యిని పది వందలుగా, ఒక వందను పది పదులుగా, ఒక పదిని పది ఒకట్లుగా మార్చే చిల్లర.